పసిబిడ్డ ఒక అమానత్

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ప్రియ సోదరులారా! ఏమీ ఎరుగని స్థితిలో మాతృగర్భం నుండి వెలువడిన మనకు అల్లాహ్ వినికిడిని, చూపును, హృదయాన్ని ప్రసాదించాడని నహ్ల్ సూరా గుర్తుచేస్తోంది. అందుకే పుట్టిన బిడ్డ చెవిలో అజాన్ పలుకుతాము. ఏడాది నిండకముందే ఆ చెవిని, ఆ కళ్లను మొబైల్ ఫోన్‌కు అప్పగిస్తున్నాము.

మన సోమందేపల్లె కష్టం మాకు తెలియనిది కాదు. వాన కరువై వేరుశనగ ఎండితే తల్లిదండ్రులిద్దరూ కూలికి పోవలసిందే. పెనుకొండ కార్ల కర్మాగారంలో షిఫ్టు ముగించి వచ్చిన తండ్రికి అలసట, పొయ్యి దగ్గర తల్లికి తీరిక లేదు. బిడ్డ ఏడిస్తే ఫోన్, ముద్ద మింగకుంటే ఫోన్. తల్లులను నిందించటం మా ఉద్దేశం కాదు.

అయితే మాట ఎలా పుడుతుందో ఆలోచించండి. బిడ్డ ‘ఊ’ అంటే తల్లి ‘ఊ’ కొడుతుంది. వేలు చూపితే నాయనమ్మ ఆ వస్తువు పేరు చెబుతుంది. ఫోన్‌లోని బొమ్మ ఎంత పాడినా బిడ్డకు బదులు పలకదు. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు నేర్వవలసిన పసివాడు ఆ గంటలలో రెండింటికీ దూరమవుతాడు. గల్ఫ్‌లోని తండ్రి వీడియో కాల్‌లో మాట్లాడటం వేరు. అక్కడ బదులు పలికే మనిషి ఉన్నాడు.

రెండేళ్లు నిండని పిల్లలకు తెర తగదని, రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

మీలో ప్రతి ఒక్కరూ కాపరే, తన మందను గురించి ప్రశ్నించబడతారన్నది దైవప్రవక్త (స) బోధన. ఒకనాడు ఆయన సజ్దాలో ఉండగా మనవడు వీపునెక్కాడు. పసివాణ్ణి తొందరపెట్టడం ఇష్టంలేక ఆయన సజ్దాను పొడిగించారు. నమాజులోనే బిడ్డకు సమయమిచ్చిన ప్రవక్త అనుచరులమైన మనం, ఫోన్ చూస్తూ బిడ్డను పక్కకు నెట్టవచ్చునా?

కనుక తండ్రులారా! మగ్రిబ్ నుండి ఇషా వరకు మీ ఫోన్ గూటిలో పెట్టి బిడ్డను ఒడిలోకి తీసుకోండి. ఫాతిహాను ఫోన్‌లో కాక మీ నోట వినిపించండి. భోజనం వేళ, నిద్రకు ముందు తెర వద్దు. మాన్పిస్తే కొన్నాళ్లు ఏడుస్తాడు, సబర్ వహించండి. రెండేళ్లకూ మాట రాకుంటే ఆలస్యం చేయక వైద్యునికి చూపించండి.

ఓ అల్లాహ్! మా సంతానాన్ని మా కంటి చలువగా చేయి. నీవిచ్చిన అమానత్‌ను కాపాడే శక్తిని మాకు ప్రసాదించు. ఆమీన్.