చెరువునీట దిగువారి కాలితొడుగులు: అల్పవ్యయముతో మన్నికైనవానిని ఎంచుకొను విధము
(కె.కోటపాడు వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



వలలను గూర్చియు, చెరువుల వేలములను గూర్చియు, చేపపిల్లల పంపిణీని గూర్చియు మన సభలలో చర్చలు జరుగుచునే యున్నవి. ఆ వలను లాగు మనుష్యుని కాళ్ళను గూర్చిన చర్చ మాత్రము అరుదు. నేడు మేము ఆ కాళ్ళను గూర్చియే నాలుగు మాటలు విన్నవింపదలచితిమి. విషయము చిన్నదిగా తోచవచ్చును గాని, కాలు పుండుపడిన నాడు మన యింట పొయ్యి రాజదను సంగతి మీరెఱుగనిది కాదు.

పూడిమడకవంటి తీరగ్రామములలోని మన బంధువులు పడవలనెక్కి సముద్రమున వేటాడుదురు. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోను, 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీనుండి అనకాపల్లి జిల్లాలోను చేరియున్న యీ కోటపాడు, చోడవరము, దేవరాపల్లి ప్రాంతములవారికన్ననో శారదానదియు, రైవాడ జలాశయమును, వానకు నిండు గ్రామపు చెరువులును ఆధారములు. చెరువున లాగుడువల వేయువారు మోకాలిలోతునుండి రొమ్ములోతువఱకు గంటలకొలది నిలువవలయును. అడుగున తుమ్మముండ్లు, గాజుపెంకులు, నత్తగుల్లలు, నీట జలగలు, వలలో జెల్లచేపల ముండ్లు. వీనివలన కలుగు గాయములను మనము లెక్కచేయము. అలవాటైన బాధ బాధగా తోచకపోవుట మానవస్వభావము.

అయినను గాయముకంటె గాయముగుండ ప్రవేశించునది ప్రమాదకరము. ఎలుకల మూత్రముతో కలుషితమైన నీటియందు ఒకజాతి సూక్ష్మజీవులుండును. అవి చర్మముపై గీఱుపోయిన చోట్లనుండి శరీరమున ప్రవేశించి, మనవారు ఎలుకజ్వరమను వ్యాధిని కలిగించును. దీని కారణమును 1915వ సంవత్సరమున జపానుదేశపు వైద్యులు ఇనాడా, ఇడో అనువారు కనిపెట్టిరి. నీటపనిచేసినవానికి జ్వరము, పిక్కలలో నొప్పి, కన్నుల ఎఱుపు కనబడినయెడల జాగుచేయక వైద్యునియొద్దకు పోయి, “మేము చెరువులో దిగుదుము” అని ముందుగా చెప్పవలయును. ఆ యొక్కమాట వైద్యునికి దారి చూపును.

ఇట్టి బాధలనుండి కాపాడుటకై పాదములు మొదలు తొడలవఱకుగాని, రొమ్మువఱకుగాని నీరుచొరని తొడుగులు కలవు. వీనిని ఆంగ్లమున వేడర్లందురు. 1823లో చార్లెస్ మాకింతోషు రెండు గుడ్డలనడుమ రబ్బరును పూసి నీరుచొరని వస్త్రము సిద్ధపఱచెను. అది ఎండకు జిగటయై, చలికి బిరుసయ్యెడిది. 1839లో చార్లెస్ గుడ్‌యియరు గంధకముతో రబ్బరును కాచి ఆ దోషమును పోగొట్టెను. ఆపై 1930లో నియోప్రీను అను కృత్రిమరబ్బరు పుట్టెను. మెత్తని పి.వి.సి. పూత అంతకు నాలుగేండ్ల ముందటి కల్పన. నేడంగళ్ళలో దొరకు తొడుగులు చాలవఱకు ఈ వంశములోనివే.

ఇందు మనకేది తగును? నియోప్రీను దళసరియై వెచ్చదనము నిలుపును. మంచునీట నిలుచువారికి అది వరము. మన యెండలలో దానిని ధరించుట కంబళి కప్పుకొని కమ్మరికొలిమియొద్ద కూర్చుండుటయే. చెమటయావిరిని వెలికి విడుచు పలుచని వస్త్రములు వేఱొక రకము. వాని వెల మిక్కుటము. గాలియే తడిగానున్న మన కోస్తాలో ఆవిరి వెలికిపోవుట మందగించును. తుమ్మముల్లు తగిలిన చిల్లిపడును. అచ్చపు రబ్బరు మన్నికైనదేగాని బరువు. డీజిలునూనె తగిలిన ఉబ్బి చెడును. నైలానుగుడ్డపై పి.వి.సి. పూసి, బూటుతో ఏకముగా అతికిన తొడుగు మధ్యమమార్గము. అది చెమటపట్టించును, నిజము. కాని వెల తక్కువ, ముల్లునకు కొంత ఓర్చును, మనమే అతుకువేసికొనగలము. మేజోడువలె పాదముతో ముగియు రకమునకు వేఱుగా బూట్లు కొనవలసియుండుటచే ఖర్చు పెరుగును. మోకాలిలోతు పనికి గమ్ముబూట్లే చాలును. రొమ్మువఱకుండు తొడుగునకు వ్యర్థముగా సొమ్ము పోయనేల?

వెలను చూచు విధమొకటి మనవి చేయుదుము. ఒక జత 900 రూపాయలకు దొరకి 60 దినములు పనికివచ్చెననుకొందము. దినమునకు 15 రూపాయలు పడినది. మఱియొకటి 2,400 రూపాయలై 300 దినములు నిలిచెననుకొందము. దినమునకు 8 రూపాయలే. కొన్ననాటి వెల కన్నులకు కనబడును. దినపువెల లెక్కకు మాత్రమే కనబడును. అప్పుచేసి కొను బీదవాడు ఈ రెండవదానినే చూడవలయును. ఏలయన వాడు రెండుమాఱులు కొనజాలడు.

అంగడిలో పరీక్షింపవలసినవి కొన్ని కలవు. అతుకులు కుట్టినవా, వేడిచే కరగించి అతికినవా చూడుడు. వట్టి కుట్టురంధ్రములగుండ నీరు చొచ్చును. కాళ్ళసందున, మోకాళ్ళయొద్ద రెండుపొరలుండిన మేలు. నూలులావును డెనియరను సంఖ్యతో తెలుపుదురు. సంఖ్య పెద్దదైనకొలది నూలు లావు. తొడుగుకొని గొంతుకూర్చుండి లేచి చూడుడు. సందు బిగిసిన త్వరలో చినుగును. బూటు వదులైనయెడల బురదలో కాలు వచ్చును, బూటు రాదు. సాయంకాలమునకు పాదములు కొంచెముబ్బును గనుక అప్పుడే కొలత చూచుకొనుట మంచిది.

ఇక ప్రాణమునకు సంబంధించిన మాట. ఇది ఈతదుస్తు కాదు. మనిషి జాఱిపడినయెడల తొడుగులో నీరు నిండును. ఆ నీరు అడుగునకు లాగదు గాని, కాళ్ళు కదలనీయదు, గట్టెక్కుటకు వీలుపడనీయదు. కావున నడుమునకు బిగుతుగా పట్టీ కట్టుకొనక నీట దిగరాదు. భుజపుపట్టీలు క్షణములో విప్పుకొన వీలైనవిగా నుండవలయును. లోతు తెలియని గుంటలయందును, ప్రవాహముగల నదియందును, పడవపైనను దీనిని ధరింపకుండుటయే క్షేమము. ఒంటరిగా దిగరాదు. గజయీతగాడైనను ఈ నియమమునకు లోబడవలసినదే.

కొన్నదానిని కాపాడుట కొనుటలో సగము. పని ముగియగనే మంచినీట కడిగి, లోపలి చెమట ఆఱునట్లు తిరుగవేసి, నీడను తలక్రిందుగా వ్రేలాడదీయవలయును. ఎండలో పడవేసిన పూత పెళుసగును. మడిచి మూలపెట్టిన మడతయందే పగులును. చీకటిగదిలో లోపల దీపపుబుడ్డి వెలిగించినయెడల చిల్లి నక్షత్రమువలె కనబడును. బుడ్డియనగా విద్యుద్దీపమేగాని కిరసనాయిలుది కాదు. సైకిలుట్యూబునకు వాడు జిగురు రబ్బరునకే గాని పి.వి.సి.కి సరిగా పట్టదు. దానికి తగిన జిగురునే అడిగి తీసికొనుడు.

పోషకమహాశయులారా! సత్రములకును, ఉత్సవములకును మీ రిచ్చు విరాళములు శ్లాఘనీయములు. గ్రామగ్రామమున చెరువుపాట పాడుకొను మన సహకారసంఘమునకు నాలుగేసి జతల తొడుగులు ఉమ్మడిసొత్తుగా సమకూర్చుటయు అట్టి పుణ్యకార్యమే. అందఱును ఒకేదినమున వల లాగరు గనుక, వంతులవారీగా వాడుకొనవచ్చును. ఎవరు తీసికొనిరో, ఏ స్థితిలో తిరిగి యిచ్చిరో వ్రాయుటకొక పుస్తకముండవలయును; ఉమ్మడిసొత్తు ఎవరిదియు కాదను భావమే దానిని పాడుచేయును. ఒకరు విప్పినదానిని కడిగి ఆఱబెట్టక మఱియొకరు తొడుగరాదు. పనిముట్లను బేరముచేయునప్పుడు, అనుభవజ్ఞులైన వలలాగువారిలో నొకనిని వెంటబెట్టుకొని పొండు. నీట నిలుచువానికి తెలిసినది లెక్కవ్రాయువానికి తెలియదు.

సోదరులారా! వల చినిగిన మరల అల్లుకొందుము. పడవ పగిలిన పలకవేయుదుము. కాలునకు అట్టి మరమ్మతు లేదు. మన పూర్వులు వట్టికాళ్ళతో నీట దిగిరనుట వారి సాహసమునకు నిదర్శనము గాని, మనము నట్లే చేయవలెనను శాసనము గాదు. ఈ సంవత్సరము ప్రతి గ్రామసంఘమును తమ చెరువుల లోతును, లాగువారి సంఖ్యను, తగిన తొడుగుల దినపువెలను లెక్కవ్రాసికొని వచ్చు మహాసభయందు సమర్పింపవలెనని ప్రార్థించుచున్నాము.