అన్ని కాలేజీలకూ ఒకే బీరువా

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినప్పుడు, "ఉర్దూలోనా, తెలుగులోనా?" అని అడిగాము. "పిల్లలందరికీ అర్థం కావాలి, తెలుగులోనే చెప్పండి" అన్నారు. మేము పొద్దస్తమానం ఉర్దూలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. మాటల్లో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి.

మేము చెప్పదలచుకున్న విషయం చిన్నదే. సర్కారీ కాలేజీలు ఎవరికి వారే పుస్తకాలు కొనుక్కుని, ఎవరికి వారే పాఠాలు తయారు చేసుకోవడం కాకుండా, ఇంటర్నెట్ ద్వారా ఒకరివి ఒకరు పంచుకుంటే పేదవాడి చదువు ఎంత తేలికవుతుంది అన్నదే ఆ విషయం. ఈ పని మన దేశంలో ఇప్పటికే మొదలై చాలా దూరం వచ్చింది. కానీ మన మొహల్లాల దాకా ఆ కబురు సరిగా చేరలేదు. అదే మా బాధ.

2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక సంగతి మీకు తెలుసు. దేశంలోని పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒక్కరు, పీజీ చదివే 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని అందులో ఉంది. దీనికి కారణాలు అనేకం. అందులో ఒకటి మన కళ్లెదుటే ఉన్నది. మంచి కాలేజీ దూరాన ఉంటుంది. దగ్గరున్న కాలేజీలో అన్ని సబ్జెక్టులకూ అధ్యాపకులుండరు. ఆడపిల్లను హాస్టలుకు పంపడానికి ఇంట్లో ఒప్పుకోరు, ఒప్పుకున్నా ఫీజుకు డబ్బుండదు. ఇంటర్మీడియట్‌తోనే పుస్తకాలు అటక ఎక్కుతాయి.

ఇప్పుడు లెక్క ఆలోచించండి. ఒక పుస్తకం కొని లైబ్రరీలో పెడితే ఒకసారికి ఒకరే చదువుతారు. మిగిలిన ముప్ఫై మందీ ఎదురు చూడాలి. నూరు కాలేజీలుంటే నూరు ప్రతులు కొనాలి. అదే పాఠాన్ని ఒకసారి బాగా తయారు చేసి ఇంటర్నెట్‌లో ఉంచితే, మొదటి ఖర్చు ఎక్కువే గానీ, రెండో విద్యార్థికి, పదివేలవ విద్యార్థికి అయ్యే ఖర్చు దాదాపు లేనట్టే. ఒకరు చదివితే మరొకరికి తగ్గేది కాదు. మన పెద్దలు బావి తవ్వించి వక్ఫ్ చేసేవారు చూడండి, అలాంటి పనే ఇది. తవ్వడమే కష్టం. నీళ్లు పడ్డాక కులమతాలు అడగకుండా అందరి దాహమూ తీరుతుంది.

ఈ ఆలోచన మన గడ్డకు కొత్త కాదు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య చెప్పాలంటే పుస్తకాలేవి? అందుకని 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను పెట్టారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి మొదటి నాజిమ్. గణితం, రసాయనం, చరిత్ర, న్యాయం వంటి శాస్త్రాల పుస్తకాలను పండితులు కూర్చుని ఉర్దూలోకి తెచ్చారు. ఒక్కచోట తర్జుమా అయితే చదువుకునే వారందరికీ పనికొచ్చేది. 1948 తరువాత అక్కడ బోధనా మాధ్యమం మారిపోయింది. ఆ పుస్తకాల్లో కొన్ని స్కాన్ అయి ఇంటర్నెట్‌లో ఈనాటికీ కనబడుతున్నాయి. అవి చూసినప్పుడల్లా మాకు గర్వంగానూ ఉంటుంది, దిగులుగానూ ఉంటుంది.

తరువాత 1982లో మన రాష్ట్రంలోనే ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. దేశంలో అటువంటిది అదే మొదటిది. ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తున్నది అదే. ఊరూరా కొత్త భవనాలు కట్టకుండా, ఉన్న కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టి, ఒకేచోట రాయించిన పాఠాలను అందరికీ పంచారు. కూలి పని చేసుకునేవారు, ఇల్లు చూసుకునే ఆడవాళ్లు కూడా డిగ్రీ చేతబట్టారు. 1998లో హైదరాబాదులో మొదలైన మౌలానా ఆజాద్ నేషనల్ ఉర్దూ యూనివర్సిటీ కూడా దూరవిద్యతో ఉర్దూ మాధ్యమం పిల్లలకు దారి చూపింది.

ఇక ఈనాటి సంగతి. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలిసి ఎన్‌పీటెల్ అనే పథకం ప్రారంభించాయి. తమ క్లాసుల్లో చెప్పే పాఠాలనే వీడియో తీసి అందరికీ ఉచితంగా ఇచ్చాయి. ఐఐటీ గేటు దాటలేని పిల్లవాడు ఐఐటీ ప్రొఫెసరు పాఠం వినవచ్చు. 2017 జూలైలో స్వయం వేదిక మొదలైంది. ఇందులో సైన్సు, కామర్సు, సాహిత్యం, ఉపాధ్యాయ శిక్షణ అన్నీ ఉన్నాయి. చదవడానికి రుసుము లేదు, సర్టిఫికెట్టు పరీక్షకు మాత్రం ఫీజు కట్టాలి. దానితోపాటే స్వయంప్రభ పేరుతో 32 టీవీ ఛానళ్లు వచ్చాయి. ఇంటర్నెట్ లేని ఇంట్లో ఉచిత డిష్ ఉంటే చాలు. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీని 2018లో జాతికి అంకితం చేశారు. పేరు నమోదు చేసుకుంటే డబ్బు అడగరు.

పత్రికల సంగతి వేరు. పరిశోధనా పత్రికలకు చందా కట్టడం ఒక్క కాలేజీ వల్ల అయ్యే పని కాదు. అందుకని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ అందరి తరఫునా బేరం చేస్తుంది. 2010లో మొదలైన ఎన్-లిస్ట్ పథకంలో ఒక డిగ్రీ కాలేజీ ఏడాదికి కొద్ది వేలు కడితే వేలకొద్దీ పత్రికలు, లక్షకు పైగా పుస్తకాలు చదువుకునే ఏర్పాటు చేశారు. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఒకే దేశం ఒకే చందా అనే పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 పత్రికలు. 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకు వర్తించేలా రూపొందించారు. మన పిల్లల కాలేజీ అందులో ఉన్నదా లేదా అన్నది లైబ్రేరియన్‌గారిని అడిగితే తెలుస్తుంది. ఎంతమంది అడిగారు?

ఇప్పుడు ఒక నిజం ఒప్పుకోవాలి. ఇది మా తప్పే గనుక దాచడం న్యాయం కాదు.

కొన్నేళ్ల కిందట మా బడిలో చదివిన అమ్మాయి ఒకతె పక్క పట్టణంలో డిగ్రీలో చేరింది. తండ్రి ఆటో నడుపుతారు. ఆ కాలేజీలో లెక్కల అధ్యాపకుల పోస్టు ఖాళీ, నెలల తరబడి క్లాసు లేదు. ఒకరోజు మగ్రిబ్ నమాజు తరువాత ఆ తండ్రి మా దగ్గరికి వచ్చి, "మాస్టర్ సాబ్, బిడ్డ ఫోను కొనిమ్మంటోంది. అందులో లెక్కల పాఠాలు ఉంటాయట. కొనాలా, వద్దా?" అని అడిగారు. మేము ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "ఫోనులో పాఠాలేమిటి భాయ్, పిల్ల చెడిపోతుంది. పుస్తకం చదువుకోమనండి" అన్నాము. ఆయన మా మాట మీద నమ్మకంతో కొనలేదు. ఆ పిల్ల లెక్కల పేపరు తప్పింది. మళ్లీ కట్టలేదు. చదువు అంతటితో ఆగిపోయి పెళ్లయింది.

రెండేళ్ల తరువాత ఆమె చెల్లెలు అదే కాలేజీలో చేరింది. అదే ఖాళీ, అదే లెక్కలు. ఈసారి ఆ పిల్ల మమ్మల్ని అడగలేదు. అమ్మీ ఫోనులో, ఇంట్లో అందరూ పడుకున్నాక, ఉచిత పాఠాలు వినడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు మాటలు అర్థం కాకపోతే ఆపి, కాగితం మీద రాసుకుని, ఆదివారం మా ఇంటికి తెచ్చేది. మాకు ఆ లెక్కలు రావు. అయినా డిక్షనరీ ముందు పెట్టుకుని ఒక్కొక్క మాటకూ ఉర్దూ అర్థం చెప్పేవాళ్లం. మాట అర్థమైతే లెక్క తనే చేసుకునేది. పేపరు పాసైంది. అయితే సర్టిఫికెట్టు పరీక్షకు కూర్చోలేకపోయింది. పేరు కట్టడానికి గడువు ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, మాకూ తెలియదు.

ఆ చెల్లెలు పాసైన రోజు మిఠాయి తెచ్చింది. తీసుకుంటుంటే అక్క గుర్తుకొచ్చింది. బావి ఊళ్లోనే ఉన్నది, మేమే దారి మూసేశాము.

కాబట్టి ఫోను చేతికిస్తే చదువు వచ్చేస్తుందని మేము చెప్పడం లేదు. వీడియో పిల్ల ముఖం చూడదు. అర్థం కానప్పుడు ఆగదు. మొదలుపెట్టిన వాళ్లందరూ పూర్తి చేయరు. ఒకే ఫోను ఉన్న ఇంట్లో అది మొదట అన్న చేతికి పోతుంది, చెల్లెలికి అర్ధరాత్రే దక్కుతుంది. పైగా, పాఠాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి గదా అని ఖాళీ పోస్టులు నింపకుండా ఊరుకుంటే అది అన్యాయం. పంచుకున్న పాఠం ఉపాధ్యాయునికి సాయం కావాలి గానీ, ఉపాధ్యాయుని కుర్చీ తీసేయడానికి సాకు కాకూడదు. ఈ మాట గట్టిగా అడగడం కూడా మన బాధ్యతే.

మరి మన సంఘం ఏమి చేయగలదు? నాలుగు మనవులు చేస్తున్నాము.

మొదటిది, సంఘం ఆఫీసు గది సాయంత్రాలు ఖాళీగా ఉంటుంది. అందులో రెండు కంప్యూటర్లు, ఒక ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టిద్దాం. అసర్ నుంచి మగ్రిబ్ వరకు ఆడపిల్లలకు, ఇషా తరువాత మగపిల్లలకు. ఆడపిల్లల వేళలో కూర్చోవడానికి మన తల్లుల్లో ఇద్దరు ముందుకు రావాలి. ఎన్‌పీటెల్ పాఠాలు డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. పెన్‌డ్రైవులో ఎక్కించి ఇస్తే ఇంట్లో డేటా ఖర్చు ఉండదు.

రెండవది, స్వయం కోర్సులు సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జూలైలో మొదలవుతాయి. ఆ గడువులు పెద్ద అక్షరాలతో రాసి మసీదు నోటీసు బోర్డు మీద పెడదాం. పరీక్ష ఫీజు కట్టలేని పిల్లలకు సంఘం చందాల నుంచి కట్టాలి. ఫీజు కట్టాక పిల్ల పరీక్ష రాసిందో లేదో కనుక్కోవాలి.

మూడవది, సంఘం పెద్దలు స్థానిక కాలేజీ ప్రిన్సిపాల్‌గారిని కలవాలి. యూజీసీ 2016లో 20 శాతం దాకా, 2021లో 40 శాతం దాకా కోర్సులను స్వయం ద్వారా చదివి క్రెడిట్లుగా లెక్కించుకునే వీలు కల్పించింది. విశ్వవిద్యాలయం, కాలేజీ ఒప్పుకుంటేనే అది పిల్లల మార్కుల పత్రంలోకి వస్తుంది. అడిగితే గదా తెలిసేది. ఇంకొక హెచ్చరిక. కాలేజీ చందా మీద వచ్చే పత్రికల పాస్‌వర్డ్ అమానత్ వంటిది. ఆ కాలేజీ పిల్లలే వాడుకోవాలి, ఊరంతా పంచకూడదు. ఉచితమైనవి వేరే బోలెడన్ని ఉన్నాయి.

నాలుగవది మా వంటి ఉపాధ్యాయులకు. పాఠం ఇంగ్లీషులో ఉంటే మన పిల్ల భయపడుతుంది. ఆదివారం రెండు గంటలు ఆ గదిలో కూర్చుని మాటల అర్థాలు చెప్పే పని మేము తీసుకుంటున్నాము. సైన్సు, లెక్కలు వచ్చిన వారు ఒకరిద్దరు తోడైతే ఆ గదే చిన్న దారుల్ తర్జుమా అవుతుంది. అక్కడ తయారైన అర్థాల పట్టికను రాసి ఉంచితే, వచ్చే ఏటి పిల్లలకు మళ్లీ ఆ కష్టం ఉండదు.

ఖర్చు గురించి కార్యదర్శిగారు మొహమాటపడుతున్నట్టున్నారు. పెళ్లిళ్లలో మనం దీపాలకు, బ్యాండుకు పెట్టే ఖర్చు ఎవరికి వారే తలచుకోండి. ఒక్క పెళ్లిలో ఒక్క వంటకం తగ్గించుకున్నా ఆ గదికి కుర్చీలు వస్తాయి.

ఈ సభలో ఆ ఆటో నడిపే భాయ్ కూడా ఉన్నారు. అందరి ముందూ ఆయనకు మా మాఫీ చెప్పుకుంటున్నాము. పెద్దమ్మాయి తప్పిన పేపరు మళ్లీ రాయడానికి వీలుందేమో మేము వచ్చేవారమే కాలేజీకి పోయి కనుక్కుంటాము. వీలు లేకపోతే సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నది. ఆ గది తెరిస్తే మొదటి కుర్చీ ఆమెదే కావాలని మా కోరిక.