కేబుల్ తీగకు పెట్టిన కత్తెర

1988 జనవరిలో దూరదర్శన్‌లో 'తమస్' మొదలైంది. గోవింద్ నిహలానీ తీసిన ఈ సీరియల్‌కి భీష్మ్ సాహ్నీ నవల ఆధారం. దేశ విభజన నాటి మతకల్లోలాలు కథ. ఆరంభంలోనే ఓంపురి వేసిన నత్థూ ఒక పందిని చంపలేక నానా అవస్థా పడతాడు. పశువుల డాక్టరుకు కావాలంటే నమ్మి ఒప్పుకున్న పని అది. తీరా ఆ కళేబరం మసీదు మెట్ల మీద తేలుతుంది.

ఇది చూపిస్తే ఊళ్లు తగలబడతాయంటూ బొంబాయి హైకోర్టులో వ్యాజ్యం పడింది. స్టే కూడా వచ్చింది. అప్పీలుకు కూర్చున్న జస్టిస్ లెంటిన్, జస్టిస్ సుజాతా మనోహర్ వాదనలు విని ఊరుకోలేదు. సీరియల్ మొత్తం చూసి, స్టే ఎత్తేశారు. సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. ప్రతిదానికీ ఉలిక్కిపడేవాణ్ణి కాదు, నిబ్బరమున్న మామూలు మనిషిని కొలతగా పెట్టుకోవాలంది. ఆపమన్నది ఎవరో, ఎందుకో, కుదరదన్నది ఎవరో, అన్నీ కాగితం మీదే ఉన్నాయి.

అలాగని టీవీకి పగ్గాలే వద్దనడం కుదరదు. 2008 నవంబరులో ముంబయి దాడులప్పుడు కమాండోలు ఎక్కడ దిగుతున్నారో ఛానళ్లు ప్రత్యక్షంగా చూపించాయి. కసబ్ కేసు తీర్పులో 2012లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే తప్పుబట్టింది. ఉగ్రవాదుల మీద ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ లైవ్ కూడదనీ, అధికారి ఇచ్చే బ్రీఫింగులతో సరిపెట్టుకోవాలనీ 2015లో నిబంధన వచ్చింది. దేనికోసమో, ఎంతసేపో స్పష్టంగా ఉన్న ఇలాంటి కట్టడిని కాదనడం కష్టం.

చిక్కంతా గాలి మాటలతోనే. కేబుల్ టీవీ ప్రోగ్రామ్ కోడ్‌లో మొదటి నిషేధమే సదభిరుచికి, సభ్యతకు భంగం కలిగించే కార్యక్రమాల మీద. దాన్ని అక్షరాలా పాటిస్తే రాత్రి తొమ్మిది గంటల చర్చల్లో ఎన్ని మిగులుతాయి?

తెలుగునాట అసలు కత్తెర కోడ్ దాకా పోదు. 2014 జూన్‌లో, శాసనసభ్యులను అవమానించారంటూ తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు ఆపేశారు. ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ లేదు. ముఖ్యమంత్రి మాత్రం ఆపరేటర్లను బాహాటంగా సమర్థించారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌లో టీవీ5, ఏబీఎన్ మాయమైతే వ్యవహారం టెలికాం ట్రిబ్యునల్‌కు ఎక్కింది. 2024లో ప్రభుత్వం మారగానే అదే రాష్ట్రంలో టీవీ9, ఎన్టీవీ, సాక్షి వంతు వచ్చింది. ఢిల్లీ హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. పార్టీలు మారాయి, పద్ధతి మారలేదు.

ఆ ఛానళ్లు పక్షపాతం చూపవని ఎవరూ అనరు. ఏ ఛానల్ ఎవరిదో ఊరి టీ కొట్టులో కూడా తెలుసు. కానీ 'తమస్'ను ఆపాలన్నవారు కోర్టు మెట్లెక్కారు. ఇక్కడ ఛానల్ ఎందుకు రావడం లేదని అడిగితే ఆపరేటర్ సాంకేతిక సమస్య అంటాడు, లేదా మా వ్యాపారం మా ఇష్టమంటాడు. ప్రభుత్వం మాకేం సంబంధమంటుంది. చందా కట్టిన మనిషి ఎవరి మీద అప్పీలుకు పోవాలి?

1995లో క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో, వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తేల్చింది. అందులో విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తెలుగువారు. ప్రసార మాధ్యమం ప్రభుత్వ గుత్తాధిపత్యంలోనే కాదు, మరెవరి గుత్తాధిపత్యంలోనూ ఉండకూడదన్నది ఆయన వాదన. ఆనాటికి తెలుగు ఇళ్లలో ఉపగ్రహ ఛానళ్లు అప్పుడప్పుడే అడుగుపెడుతున్నాయి. ఒక జిల్లా మొత్తానికి ఏం కనబడాలో కంట్రోల్ రూములో ఒక ఆపరేటర్ తేల్చే రోజులు తర్వాత వచ్చాయి.

నిజంగా ఆపవలసిన కార్యక్రమం వస్తే దారి ఉంది. కేబుల్ చట్టం 19వ సెక్షన్ కింద కలెక్టరో, పోలీసు కమిషనరో ఉత్తర్వు ఇవ్వవచ్చు. దాన్ని హైకోర్టులో సవాలు చేయవచ్చు. సిగ్నల్ తీసేసే ముందు కారణాలతో మూడు వారాల నోటీసు ఇవ్వాలని ట్రాయ్ నిబంధనలూ చెబుతున్నాయి. ఆ నోటీసు లేకుండా ఛానల్ ఆపిన ఆపరేటర్ లైసెన్సు మీద వేటు పడితే, మరుసటి ఎన్నికల ఫలితాల రోజు ఆ మీట మీద చెయ్యి వేయడానికి కొంచెం జంకుతాడు.