స్వావలంబన అంటే తలుపులు మూసుకోవడమా?



1991 నవంబరులో మన నంద్యాల నియోజకవర్గం పీవీ నరసింహారావు గారిని 5 లక్షల 80 వేలకు పైగా మెజారిటీతో గెలిపించింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం పోటీయే పెట్టలేదు లెండి. ఆ రికార్డు అందరికీ గుర్తే. అదే జులైలో దేశం బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో కుదువ పెట్టిన సంగతి మాత్రం మనం అంతగా చెప్పుకోం.

అప్పటి ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ గారి ఆలోచన ఆ కష్టంలో పుట్టింది కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన పరిశోధనను ఆయన 1964లోనే పుస్తకంగా తెచ్చారు. మన సరుకుకు బయట గిరాకీ ఉండదన్న నిరాశ ఢిల్లీలో బలంగా ఉన్న రోజులవి. లోపం మన విధానాల్లోనే ఎక్కువని ఆయన వాదించారు. అన్నీ ఇంట్లోనే చేసుకోవడం కాదు, కొన్నదానికి సొంత సంపాదనతో చెల్లించగలగడమే ఆయన దృష్టిలో స్వావలంబన. కొలిమిగుండ్లలో ఇది ఎవరికి తెలియదు? నాపబండలు ఊరు దాటితేనే కదా ఇంటికి బియ్యం వచ్చేది!

కానీ పుస్తకంలో రాసినంత సులువు కాదు ఓటర్లకు చెప్పడం. జులై బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. సొంత పార్టీవాళ్లే ఎదురు తిరిగితే 30కి దించి, చిన్న రైతులను మినహాయించారు. సొంత మెజారిటీ లేని ప్రభుత్వం, ఏ సభలోనూ సభ్యుడు కాని ప్రధాని. ఆ ధరకు ఎరువు కొన్న రైతులున్న నియోజకవర్గమే నవంబరులో ఆయనను లోక్‌సభకు పంపింది.