గ్లెన్ వేరు, స్ట్రాత్ వేరు

స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న హైలాండ్స్ మ్యాపు ముందేసుకుంటే రెండు మాటలు పదే పదే కంటబడతాయి: గ్లెన్, స్ట్రాత్. రెండూ లోయలే. కానీ అక్కడి గేలిక్ భాష మాట్లాడే రైతుకు రెండూ ఒకటి కావు. గ్లెన్ అంటే కొండల మధ్య ఇరుకు లోయ, గ్లెన్‌కో అలాంటిది. స్ట్రాత్ అంటే నది తీరిగ్గా పారే వెడల్పాటి లోయ, నాలుగు గింజలు పండే నేల. స్పే నది వెంబడి స్ట్రాత్‌స్పే అలా వచ్చిందే.

నెస్ నది సముద్రంలో కలిసేచోట ఇన్వర్‌నెస్ ఉంది. ‘ఇన్వర్’ అంటే నదీముఖం. తూర్పు తీరాన అబర్డీన్‌లోని ‘అబర్’కూ అదే అర్థం. కాకపోతే అది గేలిక్ కాదు, అంతకుముందు అక్కడున్న పిక్టుల మాట. పిక్టులు తమ భాషలో గ్రంథాలేవీ మిగల్చలేదు, ఎక్కువగా ఊళ్ల పేర్లే మిగిలాయి. ప్రధాన భూభాగానికి ఉత్తరపు కొసనున్న సదర్లండ్‌కు ‘దక్షిణ దేశం’ అని పేరు! ఇంకా ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల నుంచి చూసిన, స్కాండినేవియా నుంచి వచ్చిన నార్స్ జనానికి అది దక్షిణమే మరి.

ఆ సదర్లండ్‌లోనే నేవర్ నది పారే స్ట్రాత్‌నేవర్ ఉంది. మంచి నేల కాబట్టి జనం అక్కడ స్థిరపడ్డారు. మంచి నేల కాబట్టే గొర్రెల వ్యాపారం దాని మీద కన్నేసింది. 1814లో జమీందారీ ఉద్యోగి ప్యాట్రిక్ సెల్లర్ కుటుంబాలను వెళ్లగొట్టించాడు. మళ్లీ కప్పు వేసుకోకుండా ఇంటి దూలాలను తగలబెట్టించారు. ఆ భూమిని గొర్రెల మేతకు కౌలుకు తీసుకున్నదీ సెల్లరే! 1816లో ఇన్వర్‌నెస్‌లో అతని మీద విచారణ జరిగింది, నిర్దోషి అన్నారు. 1819లో ఇంకా ఎక్కువ ఊళ్లు ఖాళీ అయ్యాయి. రోసల్ అనే పల్లె గోడల మొదళ్లు ఇప్పటికీ గడ్డిలో కనిపిస్తాయి.

పక్కనే ఉన్న కిల్డోనన్ లోయ వాళ్లదీ అదే గతి. ఆ పేరుకు డోనన్ అనే సాధువు చర్చి అని అర్థం. 1813లో అక్కడి నుంచి కొందరు ఓడెక్కారు, ఆ తర్వాత కెనడాలోని రెడ్ రివర్ ఒడ్డుకు చేరారు, పేరునూ వెంట తీసుకెళ్లారు. విన్నిపెగ్ నగరంలో నేటికీ కిల్డోనన్ ఉంది.

2022 జనగణన ప్రకారం స్కాట్లండ్‌లో ఆ జనం మాట్లాడిన గేలిక్ ఎంతో కొంత వచ్చినవాళ్లు దాదాపు 1.3 లక్షల మంది. హైలాండ్స్‌లో చాలా రోడ్డు బోర్డుల మీద ఇంగ్లీషుతో పాటు గేలిక్ పేరూ ఉంటుంది. అటు వెళ్లేవాళ్లు దాన్ని చదవకుండా దాటిపోవద్దు.