అడ్డపొగయు నోటి కాన్సరును
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



అరుగులమీద తరచు వినబడు మాట యొకటి కలదు: “మా నాయనమ్మ కడదాక అడ్డపొగ పీల్చి తొంభై యేండ్లు బ్రతికినది, ఆమె కేమైనది?” అది నిజమే కావచ్చును. కాని దానినుండి మనము చేయు నిర్ణయము తప్పు.

శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరపు పల్లెలలో చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని కాల్చు అలవాటు, అందును స్త్రీలలో హెచ్చుగా, చిరకాలమునుండి యున్నది. దీనికిని అంగిటి కాన్సరునకును గల సంబంధమును వైద్యులు 1957లోనే ప్రకటించిరి. 1971లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి అంగిటి మచ్చలను వర్ణించిరి.

ఇది యెట్లు జరుగును? మన దేహమునందలి కణములలో వంశలక్షణములను మోయు పోగులు, అనగా క్రోమోజోములు, 46 కలవు. వస్త్రపు అంచున పోగులు విడిపోకుండ ముడివేసినట్లు, వాని కొనలకు టెలోమియరు అను రక్షణ కలదు. కణము రెండుగా చీలిన ప్రతిసారి ఆ కొన కొంత అరుగును. మిక్కిలి అరిగిన కణము చీలుట మానును. అంగిలి దినదినము కాలుచుండినచో, గాయమును పూడ్చుటకు కణములు మాటిమాటికి చీలవలసి వచ్చును. పొగాకు విషము వాని పోగులను చెరచును. అట్లు చెడిన కణము, అరిగిన కొనలను పొడిగించు టెలోమరేసు అను పదార్థమును మేల్కొల్పుకొనినచో, ఇక దాని పెరుగుదలకు హద్దుండదు. కాన్సరులలో నూటికి 85 మొదలు 90 వరకు ఈ మార్గమునే పట్టును. టెలోమరేసును కనుగొనిన ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్‌లకు, జాక్ షోస్టాక్‌తో కలిపి, 2009లో నోబెల్ బహుమానము లభించినది.

ఈ కొనల నిడివి పుట్టుకతోనే మనిషి మనిషికి భేదించును. అవి మిక్కిలి పొట్టిగా నుండు అరుదైన కుటుంబములలో నోట తెల్లమచ్చలును, పిన్నవయసుననే కాన్సరును కనబడుట కలదు. పొడవైన కొనలును నిరపాయకరములు కావు. కొన్ని ఇతర కాన్సరులకు అవి తావిచ్చును. కావున నాయనమ్మ అదృష్టము మనుమరాలికి ఆస్తివలె సంక్రమించునని నమ్మరాదు.

పుట్టుక మన చేతిలో లేదు. చుట్ట మన చేతిలోనిదే. దానిని మానుడు. నోట తెల్లని లేక యెర్రని మచ్చ గాని, రెండు మూడు వారములకు మానని పుండు గాని యున్నచో, నొప్పి లేదుకదా యని ఉపేక్షింపక వైద్యునకు చూపుడు. ఈ గ్రంథాలయమునకు వచ్చు పిల్లలు ఈ నాలుగు మాటలను ఇంటివద్ద తమ అమ్మమ్మలకు చదివి వినిపించినచో నా ప్రసంగము సార్థకమగును. సెలవు.