అడవి మొక్కల నర్సరీలో మన వంతు

(విశ్రాంత ఉద్యోగుల సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి మాట్లాడవలసిన వారు నా తరువాత ఉన్నారు. వారి సమయం తినివేయకుండా నాకు అప్పగించిన విషయం క్లుప్తంగా చెప్పి కూర్చుంటాను.

మన పట్టణ శివారులో కొందరు ఉపాధ్యాయులు, యువకులు కలిసి దేశవాళీ మొక్కల నర్సరీ ఒకటి నడుపుతున్నారు. మన సభ్యులు కొందరం వారానికి మూడు ఉదయాలు అక్కడికి వెళుతున్నాము. జీతభత్యాలు లేవు, టీ మాత్రం ఇస్తారు. అక్కడ పెంచే మొక్కలు గులాబీలు, క్రోటన్లు కావు. రేల, మోదుగ, తెల్లమద్ది, నేరేడు, ఇప్ప, తునికి, ఏగిస, బిల్లుడు, కరక, తాని - మన గుట్టల మీద పూర్వం వాటంతటవే పెరిగిన చెట్లు. బోడి అయిన గుట్టలను, చెరువు గట్లను మళ్ళీ పూర్వపు స్థితికి తేవటం ఆ నర్సరీ ఉద్దేశం.

"మొక్కలు నాటడం కొత్త సంగతా?" అని మీరు అడగవచ్చు. కాదు. 1950లో అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ గారు వనమహోత్సవం ప్రారంభించిన నాటి నుండి ఏటా నాటుతూనే ఉన్నాము. మనలో చాలామందిమి ఉద్యోగధర్మంగా గోతులు తీయించి, మొక్కలు నాటించి, ఎన్ని నాటామో పై ఆఫీసుకు నివేదికలు పంపినవాళ్ళమే. అయితే పచ్చదనం వేరు, అడవి వేరు. ఈ భేదం చెప్పటమే నా ప్రసంగంలో మొదటి భాగం.

కోనోకార్పస్ అనే చెట్టును మీరందరూ చూసే ఉంటారు. రోడ్ల మధ్య, కాలనీల గోడల వెంబడి పచ్చగా, గుబురుగా కోనేరు కట్టినట్లు పెరిగింది. త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు. సరిగ్గా అదే దానితో చిక్కు. పశువులే కాదు, మన పురుగూ పుట్రా కూడా దాన్ని పెద్దగా ముట్టవు. పురుగు లేని చోటికి పిట్ట రాదు. తెలంగాణ ప్రభుత్వం 2022లో దీనిని నర్సరీలలో పెంచవద్దన్నది. ఇక మన పెరటి కరివేపాకు చెట్టును చూడండి. ఆకులు కొరికి తినే గొంగళి పురుగును చూసి మన ఇంటి ఆడవారు విసుక్కుంటారు. ఆ పురుగే కొన్నాళ్ళకు నల్లని రెక్కల మీద తెల్లని మచ్చలున్న సీతాకోకచిలుక అవుతుంది. రేల ఆకు తిని పెరిగే సీతాకోకచిలుక మరొకటి. మద్ది ఆకు తిని పెరిగే పురుగు మనకు దసలి పట్టు ఇస్తుంది. మహదేవపూర్ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు అది జీవనాధారం. మర్రి, రావి, మేడి చెట్లకు ఒక్కొక్క జాతికి తనదైన చిన్న కందిరీగ ఉన్నది. ఆ రీగ లేనిదే ఆ చెట్టుకు విత్తు కట్టదు. ఇవన్నీ వేల సంవత్సరాలుగా కలిసి కాపురం చేసిన సంసారాలు. ఒక చెట్టును తీసి దాని స్థానంలో మరొక దేశపు చెట్టును పెడితే పచ్చదనం మిగులుతుంది గాని సంసారం మిగలదు.

మరొక మాట. "చింత మనది కాదా?" అని నర్సరీలో అందరూ అడుగుతారు. చింత పుట్టిల్లు ఆఫ్రికా. ఎన్నో శతాబ్దాల క్రితం వచ్చి మన పులుసులో కలిసిపోయింది. దానిని నరకమని ఎవరూ అనరు. కాని గుట్టను తిరిగి అడవి చేయటానికి మొదట నాటే చెట్టు అది కాదు. సర్కారు తుమ్మ సంగతి వేరు. అమెరికా ఖండం నుండి వచ్చిన ఆ చెట్టు తన చుట్టుప్రక్కల మరొకదానిని బ్రతకనీయదు. రాజస్థాన్‌లో జోధ్‌పూర్ కోట ప్రక్కనున్న సుమారు 70 హెక్టార్ల రాతినేలను ఆ తుమ్మ పూర్తిగా ఆక్రమించింది. 2006లో దానిని తొలగించే పని మొదలుపెట్టారు. పైన నరికితే మళ్ళీ చిగురిస్తుంది. కనుక రాతిగనులలో పనిచేసే కూలీలను పిలిచి, బండ సందులలోంచి వేళ్ళతో సహా తవ్వించారు. ఆ గోతులలోనే అక్కడి ఎడారి మొక్కలను గింజల నుండి పెంచి నాటారు. 2011లో అది ప్రజలు చూడదగిన వనమైంది. అక్కడ చేయగలిగినది మన గుట్టల మీద ఎందుకు చేయలేము?

అలాగని ప్రతి ఖాళీ స్థలంలోనూ చెట్టు నాటటం సేవ అనుకోరాదు. కడప జిల్లాలో కలివికోడి అనే పక్షి ఉన్నది. 1848లో జెర్డాన్ దొర దానిని లోకానికి తెలిపాడు. ఆ తరువాత 1900 నుండి దాని జాడే లేక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో అది మళ్ళీ కనిపించింది. అది బ్రతికేది దట్టమైన అడవిలో కాదు, ముళ్ళపొదల మధ్యనున్న ఖాళీ నేలలో. రోళ్ళపాడులో బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది. దానికి కావలసినది గడ్డి మైదానం. ఆ నేలలో తోపు వేస్తే పిట్టకు నిలువ నీడ ఇచ్చినట్లు కాదు, ఇల్లు కూల్చినట్లు. అందువల్ల ముందుగా "ఇక్కడ పూర్వం ఏముండేది?" అని విచారించాలి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారు ఎవరు? యాభై అరవై యేళ్ళ క్రితం ఆ గుట్ట మీద పశువులను తోలినవారు, బలుసు పళ్ళు, తునికి పళ్ళు ఏరుకొని తిన్నవారు. అంటే మనమూ, మన తోటివారూను.

ఇక రెండవ భాగం, నర్సరీలో పని.

అడవి గింజలు దుకాణంలో దొరికే బెండ, గోరుచిక్కుడు విత్తనాల వంటివి కావు. ఒక్కొక్కదానిది ఒక్కొక్క స్వభావం. వేపగింజకు ఆయుష్షు తక్కువ. ఆషాఢంలో పండు రాలగానే గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, రెండు మూడు వారాలలో నాటకపోతే మొలిచేవి తగ్గిపోతాయి. నేరేడు, ఇప్ప కూడా అంతే, ఎండబెట్టి డబ్బాలో దాచితే చచ్చిపోతాయి. నేరేడులో ఒకే గింజ నుండి రెండు మూడు మొలకలు రావటం మామూలే. రేల గింజ దీనికి పూర్తిగా వ్యతిరేకం. పైపెంకు అంత గట్టి. మరిగించి పొయ్యి మీద నుండి దించిన నీళ్ళలో వేసి, రాత్రంతా నాననిచ్చి, ఉబ్బినవాటిని నాటాలి. ఉబ్బనివాటికి మరుసటి రోజు మళ్ళీ అదే వైద్యం. కానుగకు ఏ వైద్యమూ అక్కరలేదు, రెండు వారాలలో మొలుస్తుంది. టేకు కాయను కొన్ని రోజులపాటు తడుపుతూ, ఎండబెడుతూ ఉండాలి. ఇవన్నీ ఒకే రోజున, ఒకే పద్ధతిలో నాటితే సగం సంచులు ఖాళీగా మిగులుతాయి.

ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి జల్లించి సంచులు నింపటం, గింజలు చెరగటం, కలుపు తీయటం, ఉదయం సాయంత్రం నీళ్ళు పెట్టటం - ఇవి నిత్యకృత్యాలు. వేళ్ళు సంచి దాటి నేలలోకి దిగకుండా అప్పుడప్పుడు సంచులను జరుపుతుండాలి. సంచిలో మొక్క మరీ ఎక్కువ కాలం ఉంటే వేళ్ళు లోపలే చుట్టలు చుట్టుకుంటాయి. అటువంటి మొక్క నాటిన తరువాత ఎదగదు. నాటబోయే ముందు కొన్ని వారాలు నీడ తగ్గించి, నీరు తగ్గించి ఎండకు అలవాటు చేయాలి. తొలకరి పడి నేల బాగా నానిన తరువాత గుట్టకు తీసుకుపోవాలి. గింజలు చెరగటంలో, ఆరబెట్టటంలో మన ఇంటి ఇల్లాళ్ళకు ఉన్న నైపుణ్యం మనకు లేదని ఒప్పుకోక తప్పదు. చేట చేతికిస్తే వారు పది నిమిషాలలో చేసే పని మనకు గంట పడుతుంది.

మూడవ భాగం అసలు విషయం. ఈ నర్సరీకి మన అవసరం ఏమిటి?

బరువులు మోయటానికి యువకులున్నారు. నాటే రోజున ఫొటోలకు కూడా జనానికి కొరత లేదు. కొరత ఉన్నది రెండింటికి. ఒకటి, చెప్పిన వేళకు క్రమం తప్పకుండా వచ్చే మనిషి. ఏప్రిల్ మాసంలో రెండు రోజులు నీళ్ళు పెట్టకపోతే ఆరు నెలల శ్రమ వాడిపోతుంది. యువకులకు పరీక్షలుంటాయి, ఉద్యోగాలుంటాయి. ముప్ఫై యేళ్ళు హాజరు పట్టీలో సంతకం చేసిన మనకు వేళకు వెళ్ళటం నేర్పవలసిన పని లేదు. రెండవది, రిజిస్టరు. ఏ గింజ, ఏ ఊరి ఏ చెట్టు నుండి, ఏ తేదీన తెచ్చారు, ఎన్ని నాటారు, ఎన్ని మొలిచాయి, మొక్కలు ఏ గుట్టకు వెళ్ళాయి, మొదటి వేసవి తరువాత ఎన్ని మిగిలాయి, మూడవ వేసవి తరువాత ఎన్ని? నాటిన లెక్క గొప్ప కాదు, బ్రతికిన లెక్క గొప్ప. ఇది వ్రాయటానికి ఓపిక, దస్తూరి, అబద్ధపు అంకె వేయని అలవాటు కావాలి.

ఈ రిజిస్టరు ఎందుకు ఇంత ముఖ్యమో చెబుతాను. గింజ నిచ్చే పాత చెట్టును తల్లిచెట్టు అంటాము. ఒకే చెట్టు గింజలతో గుట్టంతా నింపరాదు. అవన్నీ ఒక తల్లి బిడ్డలే అవుతాయి గనుక ఒక తెగులు వస్తే అన్నీ దెబ్బ తింటాయి. దూరదూరంగా ఉన్న పది పదిహేను చెట్ల నుండి సేకరించాలి. ఆ చెట్లు ఎక్కడున్నాయి? గుడి వెనుక, చెరువు కట్ట మీద, పాత బంగళా ఆవరణలో, రోడ్డు ప్రక్కన. రోడ్లు వెడల్పవుతున్నాయి, బంగళాలు అపార్టుమెంట్లవుతున్నాయి. ఒక్కొక్క చెట్టూ పోతున్నది. అంతకన్న బాధాకరమైన సంగతి, ఆకు చూసి పేరు చెప్పగలిగినవారు కూడా పోతున్నారు. బిల్లుడు ఏదో, సోమి ఏదో చూపించమంటే నేటి పిల్లలు ఏమి చూపిస్తారు? ఖమ్మం జిల్లా వనజీవి రామయ్య గారు సైకిలు మీద తిరిగి గింజలు సేకరించి చల్లారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025లో ఆయన కన్నుమూశారు. అటువంటి మనిషి తలలో ఉండే చెట్ల పట్టిక కాగితం మీదికి ఎక్కకపోతే ఆయనతోనే వెళ్ళిపోతుంది.

మిత్రులారా! పదవీ విరమణ రోజున మనమందరం చార్జి అప్పగించాము. బీరువా తాళాలు, స్టాకు రిజిస్టర్లు, పెండింగు ఫైళ్ళ జాబితా సంతకం చేసి మరీ ఇచ్చాము. అప్పగించకుండా ఇంటికి వెళ్ళనిచ్చేవారు కారు. ఈ చెట్ల విషయంలో మాత్రం మనం ఇంకా చార్జి అప్పగించలేదు. ఎవరూ అడగలేదు గనుక ఊరుకున్నాము. ఇప్పుడు నర్సరీ పిల్లలు అడుగుతున్నారు. ఇప్ప గింజ నాటితే పూత రావటానికి సుమారు పదేళ్ళు పడుతుంది. ఆ పూత మనలో ఎందరు చూస్తామో చెప్పలేము. తల్లిచెట్టు చిరునామా వ్రాసి ఇవ్వటానికి మాత్రం ఒక్క ఉదయం చాలు.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఉదయం ఏడు నుండి తొమ్మిది వరకే పని. వేసవిలో ఇంకా ముందే. బి.పి., చక్కెర ఉన్నవారు ఏదైనా తిని, మందులు వేసుకొని రావాలి. సంచుల వరుసలు చల్లగా ఉంటాయి గనుక తేళ్ళు, పాములు చేరతాయి. ముందు కర్రతో కదిలించి, తరువాతే చేయి పెట్టండి. చేతి తొడుగులు తప్పనిసరి. మోకాళ్ళ నొప్పులున్నవారు స్టూలు మీద కూర్చొని చేసే పనులు చాలా ఉన్నాయి. రిజర్వు ఫారెస్టులో, అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేనిదే ఒక్క కాయ కూడా కోయరాదు, ఒక్క మొక్క కూడా నాటరాదు. ఎర్రచందనం జోలికి అసలే పోవద్దు. ఊళ్ళోని చెట్టు క్రిందనైనా ఉన్న కాయలన్నీ ఊడ్చుకు రావద్దు. పిట్టల వాటా పిట్టలకు వదలాలి.

బయట బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టించాను. నర్సరీకి రాగలిగినవారు తమ పేరు, వీలైన రోజులు వ్రాయండి. రాలేనివారు, మంచం పట్టిన మన మిత్రుల తరఫున వచ్చినవారు, తమకు తెలిసిన ఒక్క పాత చెట్టు పేరు, అది ఉన్న చోటు, అది కాసే నెల వ్రాసి వెళ్ళండి. పేరు తెలియకపోతే గుర్తులు వ్రాయండి, మేము వెళ్ళి చూసుకుంటాము. భోజనానికి వెళ్ళేముందు ఆ పని పూర్తిచేయవలసినదిగా మనవి.